గుమ్మం ఎత్తు

ఏనుగు పట్టేంత ద్వారం. దాని ముందుకొచ్చి నల్ల ముసుగువాడు తల వంచాడు. వంచి లోపలికి వెళ్లాడు.

మా మనవరాలు చైత్ర సెల్లులో బొమ్మ ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూపించింది. మళ్లీ వంచాడు.

వాడి పేరు శూన్యుడు. నక్షత్రాల మధ్య ఓడల్లో తిరిగే సినిమా. రెండు భాగాలు వచ్చాయి. రెండింటిలోనూ వాడు ముసుగు తియ్యలేదు. మూడోది శుక్రవారం వస్తుంది. వాడెవడో దాంట్లో తేలుతుంది.

అంతలోపల తామే తేల్చాలని చైత్ర గ్రూపులో పిల్లలు పోటీపడి రాస్తున్నారు. హీరో తండ్రి అని కొందరు. చనిపోయిన గురువు అని చైత్ర. అసలు మనిషే కాదు, మర అని చాలామంది.

తల వంచడం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. మరలో లోపమని ఒకరు. కనిపించని దేవుడికి దండమని ఒకరు.

నా కొడుకు రమేష్‌బాబు వసారాలో కూర్చుని ఆటో సీటు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ తాతకుండిన జబ్బే వాడికీ ఉండాది."

చైత్ర నవ్వింది. నేను సెల్లు తీసుకుని ఇంకోసారి చూశాను.

మా ఆయన సిద్ధయ్య పొడగరి. సోమశిల డ్యాం నీళ్లు మా పాత ఊరి మీదికి వచ్చాక ఈ కాలనీలో ఇల్లిచ్చారు. గుమ్మం ఆయన కంటే మూరెడు ఎత్తు. అయినా ఉన్నన్నాళ్లూ తల వంచే లోపలికి వచ్చాడు. వంచే బయటికి వెళ్లాడు.

కాలనీలో వంగుడు సిద్ధయ్య అన్నారు. పిల్లలు ఆయన వెనకాలే వంగి నడిచేవాళ్లు. రమేష్ సిగ్గుపడి నెల్లూరు తీసుకెళ్లి తల డాక్టరుకు చూపించాడు. ఇచ్చిన మాత్రలన్నీ మింగి, ఆయన తల వంచుతూనే ఉన్నాడు.

చివరిరోజు ఆయన్ని మోసినవాళ్లు నిటారుగా బయటికి నడిచారు.

"వీడి ఊరు నీళ్లలో పోయిందేమో చూడు పాపా," అన్నాను.

చైత్ర నా మొహం చూసింది. తర్వాత మొదటి భాగం తెరిచింది.

అందులో హీరోవాళ్ల రాజ్యానికి నీళ్లు కావాలని ఒక చిన్న లోకాన్ని ముంచేస్తారు. మునగబోయే ముందు ఆ ఊరు కాసేపు కనిపిస్తుంది. ఆరుకాళ్ల గొర్రెల మంద. రాళ్ల గోడలు. కురచ గుమ్మంలోంచి ఒక పొడుగు కుర్రాడు వంగి బయటికి వస్తాడు.

మా పాత ఊళ్లో మేముండే పూరి కొట్టాలూ అంతే. గాలికి కప్పు లేవకుండా గుమ్మాలు కిందికి పెట్టేవాళ్లు. పొడుగు మనిషి మరిచిపోతే నెత్తి బొప్పి కట్టేది.

"వాళ్లంతా చచ్చిపోయినారు గదవ్వా," అంది చైత్ర మెల్లగా.

"ఒకడు పోలేదు."

ఆ మాట గ్రూపులో నన్నే రాయమంది. మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలు. ఒక్కొక్కటీ వెతుక్కుని రాశాను.

'వాడు దండం పెట్టడం లేదు. వాడు ఇంకా వాళ్లింట్లోకే పోతున్నాడు.'

నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. ఎవరీ అవ్వ అని అడిగారు. ఒకడు మాత్రం మాటలతోనే కొట్టాడు.

'ఊరే మునిగినాక గుమ్మం ఎత్తు ఎవడికి గుర్తుంటుంది?'

చైత్ర జవాబు ఇవ్వబోయింది. వద్దన్నాను. అదే మాట రమేష్ వాళ్ల నాయనను ఎన్నోసార్లు అడిగాడు.

ముసుగు కింద ఉన్నది మర అని తేలితే, మా ఆయనది జబ్బే.

శుక్రవారం రమేష్ మమ్మల్ని ఆటోలో ఆత్మకూరు తీసుకెళ్లాడు. ఉదయగిరి కొండ వైపు నుంచి వడగాలి కొడుతోంది. ఏసీ ఉంది కదా, ఎండ తగ్గేదాకా కూర్చుంటానని తనూ లోపలికి వచ్చాడు. ఓడలు పేలుతుంటే హాయిగా నిద్రపోయాడు.

ఈలలకు లేచాడు.

యుద్ధం అయిపోయింది. ముంచిన నీళ్లు దిగిపోయాయి. బురదలో మొండిగోడలు బయటపడ్డాయి.

శూన్యుడు ఒక్కడే ఆ బురదలో నడుస్తున్నాడు. వెనక హీరో కత్తి ఎత్తి వస్తున్నాడు.

ఒక ఇంటి ముందు ఆగాడు. కప్పు లేదు. గుమ్మం మీది బండ కూడా పడిపోయింది. అటో రాయి, ఇటో రాయి, మధ్యలో ఆకాశం.

తల వంచాడు.

ఈలలు ఆగిపోయాయి. హీరో కత్తి దించాడు.

ఆ తర్వాత శూన్యుడు ముసుగు తీశాడు. మొహం చూడాలని హాలంతా లేచి నిలబడింది. నాకు కనిపించలేదు. నాకు దాంతో పని లేదు.

ఏ దేశంవాళ్లు తీశారో. మా ఆయన్ని ఎక్కడ చూశారో. చూసి ఎన్నాళ్లు మనసులో దాచుకున్నారో.

కూర్చున్నచోటే చేతులు జోడించాను.

చైత్ర సెల్లు మోగుతూనే ఉంది. అవ్వ ఏది, అవ్వ ఏది అని గ్రూపులో అడుగుతున్నారట.

లైట్లు వేశాక కూడా రమేష్ లేవలేదు. జనమంతా పోయాక లేచి, బయటికి పోయే తలుపు దగ్గర ఆగాడు. ఎత్తైన తలుపు. అవతల తెల్లటి ఎండ.

"అమ్మా, మన పాతింటి గుమ్మం ఎంత ఎత్తు ఉండేది?"

వాడు పుట్టింది ఆ ఇంట్లోనే. నడక రాకముందే ఎత్తుకుని వచ్చేశాము.

నేను తలుపు పక్కన నిలబడి చెయ్యి అడ్డంగా చాచాను. నా నెత్తికి జానెడు పైన.

రమేష్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత దాని కింద తల వంచి బయటికి వెళ్లాడు.