దీవి మొక్క

తిరుపాలమ్మ తడిగుడ్డతో హాల్లోని కుండీ మొక్కకు పట్టిన దుమ్ము తుడుస్తోంది. కువైట్ ఇసుకగాలి కిటికీలు మూసినా ఆగదు. సూదుల్లాంటి ఆకుల సందుల్లో కూడా దూరింది. ఒక్కో కొమ్మనూ ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని, చంటిపిల్ల తల తుడిచినట్టు తుడుస్తోంది.

వెనక నుంచి బాబా కేక పడింది. ఆ ఇంటి యజమానిని పనివాళ్లు బాబా అనే పిలుస్తారు. ఆయన చేతిలో కొలతటేపు ఉంది. శుక్రవారం శుక్రవారం మొక్క ఎంత ఎదిగిందో కొలవటం ఆయన అలవాటు.

"దీని కొస ఏదీ? ఎవరు తుంచారు?"

తిరుపాలమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది.

బాబా ఆమె వంక చూడనైనా లేదు. మొక్కలకు నీళ్లు పోసేది అచ్చిబాబు. పెరట్లో ఉన్నవాణ్ని మెడ పట్టి ఈడ్చుకొచ్చి గోడకేసి కొట్టాడు.

"ఇది ఎక్కడిదో తెలుసా?" అరబ్బీ, హిందీ కలిపి అరిచాడు. "న్యూ కాలెడోనియా దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పుట్టదు. దేవదారు లాంటి చెట్టు. అక్కడ కొండలు తవ్వి తవ్వి దీని వంశమే లేకుండా చేస్తున్నారు. షువైఖ్ రేవులో ఓడ దిగితే నా చేతులతో మోసుకొచ్చాను. తల పోతే ఇక పైకి లేవదు. చెప్పు, ఎవరు?"

అచ్చిబాబు మొక్కకేసి ఒక్క క్షణం చూశాడు.

"నేనే, బాబా."

తిరుపాలమ్మ నిర్ఘాంతపోయింది. వాడు కోనసీమవాడు. మొవ్వు పోతే కొబ్బరిచెట్టే పోతుందని ఊహ తెలిసిన నాటినుంచీ ఎరిగినవాడు. వాడు తుంచటమేమిటి! తుంచింది తను. నాలుగు రోజుల కిందట, కడప పక్క తమ ఊళ్లో చామంతికి తుంచినట్టే, బొటనవేలి గోటితో. తల గిల్లితే పిలకలు వేసి గుబురుగా వస్తుందనుకుంది. చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోతారనుకుంది.

బాబా నీళ్ల గొట్టం అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి మీద.

"ఎందుకు చేశావురా కుక్కా?"

"చెయ్యాలనిపించింది. మళ్లీ చిగురేస్తే మళ్లీ తుంచుతాను."

బాబా కళ్లు ఎరుపెక్కాయి. గొట్టం పారేసి కాలితో తన్నాడు. కిందపడినవాణ్ని లేపి మూతి మీద గుద్దాడు. పన్నొకటి ఊడి నెత్తురుతో సహా చలవరాళ్ల మీద పడింది. అచ్చిబాబు చెయ్యి అడ్డం పెట్టలేదు. కుయ్యిమనలేదు.

చెప్పేద్దామని తిరుపాలమ్మ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ దెబ్బల చప్పుడికి గోడవారకు జరిగింది.

చివరికి బాబా రొప్పుతూ లోపలికి వెళ్లి, పాస్‌పోర్టు తెచ్చి అచ్చిబాబు మొహాన కొట్టాడు.

"ఖలాస్! రేపటి విమానానికి పో. ఈ దేశంలో నాకు కనబడ్డావంటే చంపేస్తాను."

తన మూలాన ఒకడి పొట్ట కొట్టినట్టయింది. ఇక తిరుపాలమ్మ ఆగలేకపోయింది.

"అనా బాబా, అనా! నేనే!" రొమ్ము బాదుకుంటూ బాబాకు అడ్డం పడింది. "ఇదో, ఈ గోటితో గిల్లినా సామీ! ఆ పిల్లోన్ని సంపొద్దు!"

"అబద్ధం బాబా, నేనే!" అచ్చిబాబు మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. "నీకు దణ్ణం పెడతాను, నోరు ముయ్యక్కా!"

బాబా వంగి మొక్క తల చూశాడు. గోరు నాటిన గుర్తు స్పష్టంగా ఉంది. తిరుపాలమ్మను జుట్టు పట్టి నాలుగు చెంపదెబ్బలు కొట్టి, తల గోడకేసి మోదాడు.

"బట్టలు సర్దుకో. నిన్ను ఏజెంటు దగ్గర పడేసి వస్తాను. యల్లా, నడు!"

తరవాత అచ్చిబాబును లేపి కూర్చోబెట్టాడు. తన చేతిరుమాలుతో వాడి నెత్తురు తుడిచాడు. నుదుటి మీద ముద్దు పెట్టాడు. వాడి గుప్పిట్లోంచి పాస్‌పోర్టు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు మంచివాడివి. నిన్నెక్కడికీ పంపను" అని కారు తియ్యటానికి బయటికి నడిచాడు.

అన్ని దెబ్బలకూ ఏడవని అచ్చిబాబు అప్పుడు భోరుమన్నాడు.

"ఎంత పని చేశావక్కా! పంపెయ్యి బాబా అని నాలుగేళ్లుగా కాళ్లట్టుకుంటన్నాను. నేనొచ్చాక పుట్టింది నా కూతురు. క్యాసెట్లో గొంతు విన్నాను గానీ మొకం చూళ్లేదు. ఇయ్యాల చచ్చేట్టు తన్నులు తిని సంపాదించుకున్నాను గదక్కా ఆ పాస్‌పోర్టు!"

"నాకేం తెలుసబ్బీ..." అంది తిరుపాలమ్మ.

బయట కారు హారన్ మోగింది. ఆమె వంటింట్లోకి వెళ్లి బట్టల మూటతో తిరిగొచ్చింది. మొక్క ముందు ఆగింది.

మూటలోంచి మాంసం కొట్టే కత్తి తీసి, మొక్కను మొదలంటా ఒక్క వేటున నరికి, ఆ కత్తి అచ్చిబాబు చేతిలో పెట్టి, గడప దాటింది.