రెండు టిక్కులకో లైటు

"పెద్ద ఆపరేషనైతే చేయించుకోను గాక చేయించుకోను!" అన్నాడు బస్సు డ్రైవరు.

"కళ్లు పోయాక బస్సేం నడుపుతారండీ?" అంది భార్య.

డాక్టరమ్మ ఇద్దర్నీ ఆపింది. "చూడండి, మీకున్నవి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోంది. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. నరం ఇంకా బాగుంటే చిన్న ఆపరేషన్ సరిపోతుంది. బియ్యపుగింజ కన్నా చిన్న గొట్టం లోపల పెడతాం. సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు, త్వరగా డ్యూటీ ఎక్కొచ్చు. నరం బాగా పోయుంటే మాత్రం పెద్దదే. ముందు లైట్ల పరీక్ష కానివ్వండి."

పెద్దదంటే డిపోకి కాగితం వెళ్తుంది. స్టీరింగు లాక్కుని గేటు దగ్గర కుర్చీ వేస్తారు. ఇరవై ఆరేళ్లు బస్సు నడిపినవాడికి అంతకంటే చావే నయం.

వరండాలో భార్య గొంతు తగ్గించి అడిగింది. "ఎడమ కన్ను ఎలా ఉంది? నిజం చెప్పండి."

"కాస్త మసక, అంతే."

"మొన్న ఎడంపక్క పెట్టిన గ్లాసు తోసేశారు."

"నువ్వు అంచున పెట్టావు. ప్రతిదానికీ కంగారే నీకు."

చీకటి గదిలో కుడికన్ను పరీక్ష సాఫీగా అయిపోయింది. పరీక్ష చేసే అమ్మాయి ఆ కంటికి గంత కట్టి, గడ్డం సరిగ్గా ఆనించి, బటన్ చేతికిచ్చింది. "ఇప్పుడు ఎడమది. లైటు మెరిసినప్పుడల్లా నొక్కండి. మిషన్ మొదలుపెట్టాను, పక్కగదికెళ్లి ఇప్పుడే వస్తా" అని తలుపేసుకుని వెళ్లింది.

డ్రైవరు కుడికన్ను పరీక్షలోనే లెక్క కట్టేశాడు. గోడ గడియారం రెండు టిక్కులకో లైటు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని మిషనుకేం తెలుసు పాపం!

టిక్కు, టిక్కు, నొక్కు. టిక్కు, టిక్కు, నొక్కు. లైట్లు కనబడుతున్నాయో లేదో ఆయనకే తెలియాలి. అన్నీ నొక్కితే అనుమానమొస్తుందని మధ్యమధ్య ఒకటి వదిలేశాడు కూడా.

కాసేపటికి గది ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. గడియారం ఇంకా బాగా వినబడసాగింది. మంచిదే అనుకున్నాడు. చిన్న ఆపరేషన్, కొన్నాళ్ల సెలవు, మళ్లీ పొద్దున్నే మొదటి ట్రిప్పు. తలుచుకుంటే గుండె కాస్త కుదుటపడింది.

తలుపు చప్పుడైంది. భుజం మీద చెయ్యి పడింది. గాజుల చప్పుడు బట్టి భార్యేనని తెలిసింది.

"ఉండవే, అయిపోవచ్చింది. ఒక్కటీ వదల్లేదు, అన్నీ కనబడ్డాయి" అన్నాడు బటన్ నొక్కుతూనే.

ఆ చెయ్యే మెల్లగా అతని బొటనవేలిని పట్టుకుని ఆపింది.

"ఏమండీ... కరెంటు పోయి అయిదు నిమిషాలైంది."