వచ్చిన చోటికే

“అక్కడే ఆగండి. బోయా దాటితే బోటు సీజ్ చేస్తాం,” అని చేతి మైకులో గద్దించాక గాని, ఆ బోటులో ఉన్నదెవరో గస్తీ బోటులోని మేడం చూసుకోలేదు. చూసుకున్నాక నవ్వు తన్నుకొచ్చింది. డ్యూటీలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకుంది.

అదొక చిన్న అద్దె బోటు. వెనక ఇంజను దగ్గర సరంగు. ముందు రెండు పెట్టెలు, ఒక టేబుల్ ఫ్యాను, పెట్టెల మీద ఒక తలగడ, ఆ తలగడకు ఆనుకుని సాక్షాత్తూ మేడంగారి పెద్దాడపడుచు. ఎండకు కొంగు తల మీద కప్పుకుని, ఎవరో తన కొంప ముంచినట్టు కూర్చుని ఉంది.

ఆవిడ వస్తానని పోయిన వారం నుంచే కబుర్లు పంపుతోంది. ఆవిడ వచ్చిందంటే ఇక ఇల్లు ఇల్లు కాదు. వంటింట్లో డబ్బాల చోట్లు మారిపోతాయి, పడగ్గది ఆవిడదైపోతుంది, మొగుడూ పెళ్ళాలు హాల్లో చాప మీద పడతారు. బోటు పందేలు మొదలైనప్పటి నుంచీ మేడం గస్తీ బోటులోనే తిని, గస్తీ బోటులోనే పడుకుంటోంది. ఫోను కూడా ఆఫీసులో అప్పగించి రావాల్సిందే. ఈ సాయంత్రంతో పందేలు ముగిస్తే వారం రోజులు సెలవు. ఆ వారమంతా తనూ, తన మొగుడూ, తన మంచమూ తప్ప ఇంట్లో నాలుగోది ఉండకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

అఖాతానికి ఒక ఒడ్డున మేడం క్వార్టర్సు, ఎదుటి ఒడ్డున ఆడపడుచు ఇల్లు. మధ్యలో పందెం దారి. దాని చుట్టూ నీటి మీద తేలే నారింజ రంగు బోయాలు కట్టి, మిగతా బోట్ల రాకపోకలన్నీ ఆపేశారు. చుట్టూ తిరిగి పోదామని చూసేవాళ్ళు ఏ ఒడ్డు వాళ్ళైనా సరే, సముద్రం వైపున్న ఈ చివరి బోయా దగ్గరికే వచ్చి మేడంకి చిక్కుతారు.

అంతలో రెండు పందెం బోట్లు చెవులు చిల్లులు పడేలా దూసుకుపోయాయి. వాటి అలలకి అద్దె బోటు ఊగిపోయింది. ఫ్యాను ఒరిగిపోతుంటే ఆడపడుచు దాన్ని పసిపిల్లలా ఒళ్ళోకి తీసుకుంది.

“చూశారుగా వదినా, ఎంత ప్రమాదమో. మీ మంచికే చెబుతున్నా,” అంది మేడం.

“నా మంచి నాకు తెలుసు. ముందు నన్ను దాటించు. రాత్రంతా నిద్ర లేదు, నడుం పడిపోతోంది. పొద్దున పాల బోటుని నువ్వే దగ్గరుండి దాటించావట కదా.”

ఆ మాట నిజమే. ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. అవసరమని తోస్తే, గస్తీ బోటు ముందు నడిచి ఎవరినైనా దాటించవచ్చు. తోచడమనేది మేడం చేతిలో పని. ఇవాళ ఆమెకి తోచలేదు. పాలైతే ఎండకి విరుగుతాయి గాని మనుషులు విరగరు కదా అంది.

సరంగు గొంతు సవరించుకున్నాడు. “మేడం, అసలు మేము బయల్దేరిందే...”

“నువ్వు మాట్లాడకు. నీ లైసెన్సు సంగతి తర్వాత చూస్తా.”

సరంగు ఇంజను వైపు తిరిగాడు. ఆడపడుచు మాత్రం ఊరుకోలేదు. బతిమాలింది, తమ్ముడి పెళ్ళిలో తను పడ్డ పాట్లన్నీ ఏకరువు పెట్టింది, పెద్దంతరం చిన్నంతరం లేదా అని నిలదీసింది. ఆవిడ అలా అంటున్న కొద్దీ మేడంకి ప్రాణం లేచొస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడకి కాదని చెప్పే అవకాశం రావడం ఇదే మొదలు, అదీ సర్కారువారి అండతో. రూలంటే రూలేనని, మీరైనా మంత్రిగారైనా ఒకటేనని ఎంతో వినయంగా చెప్పింది.

చివరికి ఆడపడుచు మెత్తబడింది. “అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“వచ్చిన చోటికే తిరిగి వెళ్ళండి.”

“వచ్చిన చోటికేనా?”

“అవును. అక్కడే హాయిగా ఉండండి.”

“ఎన్నాళ్ళు?”

“మీ ఇష్టం వదినా, ఎన్నాళ్ళైనా. నేను కబురు పెట్టేదాకా కదలొద్దు.”

ఆడపడుచు ఒక్క క్షణం మరదలి మొహంలోకి చూసింది. “రేపు నువ్వు మాట మారిస్తేనో? ఆ మైకులో చెప్పు. నలుగురూ వినాలి.”

అంతకన్నానా అనుకుంది మేడం. మైకు నోటి దగ్గర పెట్టుకుని, చుట్టూ ఆగి ఉన్న చేపల బోట్లవాళ్ళూ, అంబులెన్సు బోటులో డాక్టరూ తలలు తిప్పి చూసేలా, “మా వదినగారు వచ్చిన చోటికే తిరిగి వెళ్ళి, నేను కబురు పెట్టేదాకా అక్కడే ఉండాలి,” అని ఒక్కో మాటా విడదీసి ప్రకటించింది. తన గొంతు తనకే ఎంతో ముచ్చటగా వినిపించింది.

ఆడపడుచు మొహం విప్పారింది. ఫ్యాను ఒళ్ళోంచి దించి, తలగడ సర్దుకుని, తీరిగ్గా వెనక్కి వాలింది.

“నీకున్న ప్రేమ వాడికి లేదమ్మాయ్. నువ్వు గస్తీకొచ్చిన పొద్దున్నే, ఈ దారి మూసేలోపు వచ్చానా, రెండు రోజులైనా కాలేదు, ‘రేపట్నుంచి దానికి సెలవు, ఇక నీ ఇంటికి వెళ్ళక్కా’ అని రాత్రి మొహం మీదే అనేశాడు మీ ఆయన,” అని సరంగు వైపు తిరిగింది. “విన్నావుగా బాబూ, బోటు తిప్పు. మా తమ్ముడింటికే.”