మైలుతుత్తం పొట్లం

నాగదుర్గ కొంగుచాటున పొట్లం విప్పుతుండగా, బావగారు గోపీచంద్ వెనక్కి తిరిగాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“దగ్గరికొచ్చి చూడమ్మా, ఆక్టోపస్ పిల్లలు! తల్లి గుడ్లకి కాపలా కాస్తూ తిండి మానేసి చచ్చిపోయింది. నేనే పెంచుతున్నాను.”

అక్వేరియంలో బియ్యపు గింజలంతేసి పిల్లలు ఈదుతున్నాయి. చెరువుల్లో నాచు పోవడానికి వేసే మైలుతుత్తం చిటికెడు పడితే చాలు, ఒక్కటీ మిగలదు.

కిందటేడు కొల్లేరు పక్కన ఆమె భర్త చేపల చెరువులో బస్తాలకొద్దీ పడిందీ అదే. తెల్లగా తేలిన చేపల్ని చూసి అతను మంచం పట్టాడు. వేయించింది సొంత అన్న గోపీచందేనని ఊరందరికీ తెలుసు. సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఒక్కడూ రాలేదు.

“రోజూ తగ్గిపోతున్నాయమ్మా.” గోపీచంద్ అద్దానికి మొహం ఆనించాడు. “నీళ్లు మార్చాను. హేచరీ నుంచి బతికున్న రొయ్యపిల్లల్ని తెచ్చి వేస్తున్నాను. అయినా ఆగడం లేదు.”

“జబ్బేమోనండీ.”

“జబ్బు కాదు. నిన్న కళ్లారా చూశాను. ఒకదాన్నొకటి పట్టుకుని తినేస్తున్నాయి.”

నాగదుర్గ పిల్లల్ని చూసింది. బావగారిని చూసింది. పొట్లం మడిచి అతని చేతిలో పెట్టింది.

“ఇది మీ దగ్గరే ఉంచండి, బావగారూ. నేను వెయ్యక్కర్లేదు.”

గోపీచంద్ విప్పి చూశాడు. నీలం పలుకులు. చూడగానే గుర్తుపట్టి మళ్లీ మడిచేశాడు.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

“ఒక కడుపున పుట్టినవే కదండీ. ఒకదాని సంగతి ఇంకొకటి చూసుకుంటాయి.”