సబ్బు కార్డులో పాప

అది కాదే మనవరాలా, ముందు కార్డు సంగతి రాయి. అప్పట్లో ఇంగ్లండులోని లీడ్స్‌లో సబ్బు కొంటే కొట్టువాడు ఒక బొమ్మ కార్డు ఊరికే ఇచ్చేవాడు. అందులో పాప నిద్రపోతూ ఉంటుంది. కార్డును దీపానికి అడ్డం పెడితే, వెనక నుంచి వెలుతురు దూరి పాప కళ్ళు తెరుస్తుంది.

మా మేనత్త మార్తా, జ్వరంతో పడుకున్న కూతురు ఎఫీకి ఆ కార్డే చూపించి నవ్వించేది.

"అమ్మా, లేచింది! ఇంకోసారి!"

"నువ్వూ దానిలా లేచి కూర్చోవే, దొంగపిల్లా."

చేతుల్లో నలిగిపోతోందని మార్తా దాన్ని పిండి జిగురుతో ఆల్బంలో మందపాటి అట్టకు అంటించేసింది.

ఎఫీ ఏడ్చింది. "ఇంకెలా లేస్తుందే అమ్మా?"

నిజమే, వెలుతురు దూరే దారే లేదు.

మర్నాడు పొద్దుగూకే వేళ, దీపం ఇంకా వెలిగించకుండానే మార్తా ఆల్బం తెరిచింది. బొమ్మలో పాప కళ్ళు తెరిచి చూస్తోంది. ఇల్లంతా నిశ్శబ్దం. పొద్దుట్నుంచీ ఆగని ఎఫీ దగ్గు కూడా వినపడలేదు. మంచం వైపు తిరగడానికి మార్తాకు ధైర్యం చాల్లేదు. ఆల్బం మూసేసింది.

మూసిన ఆల్బంలోంచి చిన్నగా దగ్గు వినిపించింది.

మార్తా తర్వాత నా దగ్గరికొచ్చిన ఆ ఆల్బమే మీ అక్క, జ్వరంలో ఉన్న తన బిడ్డను ఆడించడానికి ఇందాకే పట్టుకెళ్ళింది. నువ్వు పొద్దున్నే మొదటి రైలెక్కి, ఇది దానికి చదివి వినిపించు తల్లీ. అది ఆల్బం తెరవకముందే.