సమాధి మీద గడ్డి

"పంపు దించు జోజీ. నా కొడుకు మీద మందు చుక్క పడొద్దు."

తెరేజమ్మ కొడుకు సమాధికి అడ్డంగా కూర్చుంది. చేతిలో కొడవలి, ఒళ్లో పీకిన తుంగ. ఎదురుగా మరిది జోజిరెడ్డి, వీపున స్ప్రే పంపుతో నిలబడ్డాడు. ఎల్లుండి ఆత్మల పండుగ. వానలకు సమాధుల తోటంతా మోకాలెత్తు గడ్డి. ఏ సమాధి ఎవరిదో లోపలున్నవాళ్లకే తెలియాలి.

"ఈ ఏడాది గడ్డి మందు వద్దు, చేత్తోనే పీకుదాం. ప్లాస్టిక్ దండలు వద్దు, బంతిపూలే పెడదాం" అని ఫాదర్‌గారు పూజలో చెప్పినప్పుడు ఊరంతా తలూపింది. తలూపితే నడుం నొప్పి రాదు కదా. రెండు వారాలుగా వంగి పీకింది తెరేజమ్మ ఒక్కతే.

"ఇంకా సగం తోట అట్లనే ఉంది వదినా. నేరేడుచర్ల పోయి మందు తెచ్చిన. ఇయ్యాల కొడితె ఎల్లుండికి మాడిపోతది."

"నేను పీకుత."

"ఒక్కదానివి ఎంతని పీకుతవ్? సూడు, చేతులెట్లయినయో."

గుడి వైపు నుంచి ఫాదర్‌గారు రావడం చూసి తెరేజమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"మీరన్న చెప్పున్రి ఫాదర్. మందు భూమిని చంపుతదన్నది మీరే గద."

"భూమి మీద ప్రేమంటే నీదేనమ్మా" అన్నాడాయన నొచ్చుకుంటూ. "కానీ పండుగకు చిన్నపిల్లలొస్తారు. నిన్న ఇక్కడే పాము కనబడిందట. ఈ ఒక్కసారికి కొట్టనిద్దాం."

"నేనూ అదే అంటున్న" జోజిరెడ్డి గొంతు తగ్గించాడు. "మన చిన్నపరెడ్డి పొలంల పాము కరిచే పోయిండు గద. తల్లివి, నువ్వే గడ్డి ఉంచుమంటె ఎట్ల వదినా?"

జోజిరెడ్డి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. పక్క సమాధి తడిసింది. మందు వాసన గాలికి ఇటు తిరిగింది. ఆ వాసన తగలగానే తెరేజమ్మ కొడవలి పారేసి, కొడుకు సమాధి మీద బోర్లా పడి, సిలువను రెండు చేతులా పట్టుకుంది.

"లే వదినా, నీ మీద పడతది."

ఆమె లేవలేదు. ముఖం మట్టిలోనే ఉంచి అంది.

"పాము కరవలే ఫాదర్. గీ మందే తాగిండు. తనంత తాను సచ్చినోనికి గీడ జాగ ఇయ్యరని పామన్న. తవ్వి బయటేస్తె ఎయ్యున్రి గని, నా కొడుక్కు మళ్ల తాపకున్రి."