అద్దాల గదిలో ఎండ

"గేటు దాటావంటే నామీద ఒట్టే నాన్నా!" అంటూ అడ్డంగా నిలబడ్డాడు అద్దాల మేస్త్రి.

తండ్రి ఆగాడు. ఆగింది కొడుకు ఒట్టుకు కాదు, ఊపిరి అందక. గోడ పట్టుకుని ఈల వేసినట్టు గాలి పీల్చుకున్నాడు.

"ఎండలో కూర్చోమన్నది నీ డాక్టరేగా! పార్కులో కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?"

"పార్కంటే రోడ్డు దాటాలి. ఆ దుమ్మూ పొగా పీల్చావంటే మళ్ళీ ఆక్సిజన్ పెట్టించాలి. పోయినసారి నీ గోళ్ళు నీలంగా మారితే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"విటమిన్ డి అడుగంటిందన్నాడు. మాత్రలేమో నాకు పడవు. ఇంట్లో మూల కూర్చుంటే అది నడిచొస్తుందా?"

"ఎండనే ఇంటికి తెస్తా. చూస్తూ ఉండు."

"విన్నావుటే? మనవాడు సూర్యుణ్ణి కూడా ఫ్రేములో బిగిస్తాడట," అన్నాడు తండ్రి భార్యతో. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నంత పనీ చేశాడు మేస్త్రి. చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి మేడమీద అద్దాల గది లేపాడు. నాలుగు పక్కలా అద్దమే, పైకప్పూ అద్దమే. కొట్టులో ఉన్న మేలురకం సరుకంతా దానికే పెట్టాడు. అంచుల్లో చీమ దూరే సందు లేకుండా రబ్బరు కూరాడు. గాలికి మాత్రం జల్లెడ బిగించిన ఫ్యాను. దుమ్ము లేదు, పొగ లేదు. ఎండ మాత్రం గదినిండా పరుచుకుంది.

"రోజూ టిఫిన్ అయ్యాక ఇందులో కూర్చో. నా కొట్టు ఎదురుగానే. కుర్చీ ఖాళీగా కనిపించిందా, పరిగెత్తుకొస్తా!"

కొడుకు మెట్లు దిగాక తండ్రి సణిగాడు.

"జైల్లో వేశాడే వీడు! వీడికి నేనేం పాపం చేశాను?"

"కన్నారు," అంది తల్లి.

మర్నాటినుంచి మేస్త్రి ఇటు అద్దం కోస్తూనే అటు మేడమీద ఓ కన్నేసి ఉంచాడు. ఎప్పుడు చూసినా కుర్చీలో శాలువా కప్పుకున్న వీపు కనిపించేది. చలికాలం వెళ్ళిపోయింది. దగ్గు వచ్చింది గానీ, ఆసుపత్రి దాకా లాక్కెళ్ళలేదు. మేస్త్రి ఇక నేలమీద నిలవలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ మేడ చూపించి మీసం దువ్వేవాడు.

మళ్ళీ రక్తపరీక్ష చేయించారు. ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు. రిపోర్టు చూసి ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"భేష్! విటమిన్ డి బాగా పెరిగింది. ఊపిరితిత్తుల జబ్బు ఎక్కడికీ పోదనుకోండి, కానీ ఇదీ మంచిదే. మాత్రలు కూడా వేసుకోలేదు. ఏం మంత్రం వేశారు?"

"మంత్రం కాదు సార్, అద్దం!" అని మేస్త్రి గది సంగతంతా ఏకరువు పెట్టాడు. రబ్బరు మందం కూడా వదల్లేదు.

డాక్టరు నవ్వు బిగబట్టుకున్నాడు.

"అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. కానీ ఒంట్లో విటమిన్ డి పుట్టించే కిరణాలను అద్దం లోపలికి రానివ్వదు బాబూ. ఆ గదిలో ఏడాది కూర్చున్నా చిటికెడు రాదు."

మేస్త్రి రిపోర్టు లాక్కుని చూశాడు.

"అదెలా సార్? రిపోర్టులో పెరిగిందిగా! రోజూ నా కళ్ళతో నేను చూశాను!"

తండ్రి ఉన్నట్టుండి ఫ్యాను రెక్కలను శ్రద్ధగా పరిశీలించసాగాడు.

తల్లి మాత్రం లబోదిబోమంది.

"అయ్యో డాక్టరుగారూ! అయితే రోజూ ఈయన మూతికి గుడ్డ కట్టి, పెరటిదారిన పార్కుకి పంపేసి, ఈయన శాలువా కప్పుకుని నేను ఆ గదిలో ఉడికినందుకు నాకు చిటికెడు కూడా రాలేదా?"